సగటు కన్ను

మా బడికి తుపాకీ ముందు వచ్చింది. దాని మీద బిగించే స్కోపు తరవాత వచ్చింది. ఆ రెంటికీ మధ్య పదహారో నిబంధన వచ్చింది. నేను చెప్పబోయేది ముఖ్యంగా ఆ నిబంధన సంగతి.

గ్రామీణ బాలికల్లో దూరపు గురి పెంపొందించాలని ఒక సంవత్సరం ప్రభుత్వానికి అనిపించింది. డివిజనుకో బడిని ఎంచి, బడికో రైఫిలు ఇమ్మన్నారు. మా పలకలగుట్ట హైస్కూలును ఎంచడానికి కారణం మా చదువు కాదు, మా గొయ్యి. ఊరి వెనక పాడుబడిన పలకరాతి గని ఉంది. మూడు వందల మీటర్లకు పైగా పొడవు, చుట్టూ ముప్పై అడుగుల రాతిగోడ. గుండు ఎటు పోయినా బయటికి పోదు. కప్పు పెచ్చులూడుతున్న మా పదో తరగతి గదికన్నా అది భద్రమైన చోటని తనిఖీకి వచ్చినవాళ్లే రాసి వెళ్లారు.

రైఫిలు ప్రతి శనివారం పొద్దున జిల్లా పోలీసుల ఆయుధాగారం నుంచి ఒక కానిస్టేబుల్‌తో వచ్చి, సాయంత్రం ఆయనతోనే వెళ్లిపోయేది. నేర్పేది నాసరయ్య గారు. సైన్యంలో హవల్దారుగా చేసి పెన్షన్ మీద ఊరికి వచ్చినాయన. మొదటి రోజు పదో తరగతి ఆడపిల్లల్ని ముప్పై మందిని వరసగా నిలబెట్టి, ఎడమ కన్ను మూయమన్నారు. చాలామంది రెండూ మూశారు. కొందరు ఒకటి మూసి నోరు తెరిచారు. ముఖంలో ఇంకేదీ కదలకుండా మూసింది నేనొక్కదాన్నే.

"నీ పేరేందమ్మే?"

నేను చెప్పలేకపోతే పక్క పిల్ల చెప్పింది. "కాశింబీ సార్. అది మాట్లాడదు."

"మంచిదే. తుపాకి మాట్లాడతాదిలే."

అది నా గొప్పేమీ కాదు. మా నాయన హుస్సేను పలకలు నున్నచేసే షెడ్డులో పని చేస్తాడు. పలక వంకర ఉందో లేదో తెలియాలంటే అంచును ఒక కంటి దగ్గర పెట్టుకుని రెండోది మూయాలి. ఏడేళ్లప్పటి నుంచీ సెలవులన్నీ నేను చేసింది అదే.

తుపాకీ నాకు బాగా నచ్చింది. నలుగురిలో నాకు నోరు పెగలదు. హాజరు పిలిచినప్పుడు కూడా పక్క పిల్ల మోచేత్తో పొడిస్తే గాని పలకను. బోర్లా పడుకుని తుపాకీని చెంపకు ఆనించుకుంటే మాత్రం ఎవరూ మాట్లాడమనరు. పైగా ఊపిరి కూడా బిగపట్టమంటారు. నాకు అంత సుఖం బడిలో ఇంకెక్కడా దొరకలేదు.

మే నెలలో జిల్లా ఎంపిక పోటీ. మూడు వందల మీటర్ల దూరానికి పది గుళ్లు కాల్చాలి. ఏడు నల్ల వలయంలో పడితే క్రీడా హాస్టల్లో సీటు, అక్కడే ఇంటర్ చదువు. పడకపోతే షెడ్డులో నాయన పక్కన ఉప్పుకాగితం పట్టుకోవడమే. మా ఊరికి దగ్గరలో కాలేజీ లేదు.

వంద మీటర్ల దాకా ఉత్త కంటితో కొట్టగలిగాను. మూడు వందలకు జరిపేసరికి నల్ల వలయం ఆవగింజ అయిపోయింది. మొదటి స్కోపు ఎలాంటిది కొనాలో నాసరయ్య గారు ఒక నోటుబుక్కు కాగితం మీద రాసిచ్చారు. పది రెట్లు పెద్దగా చూపిస్తే చాలు, అంతకు మించితే ఎండకు గాలి ఆడేదంతా కనబడి గురి ఈదుతుంది. అద్దం తేటగా ఉండాలి. గురి సర్దే చక్రాలు ఎన్ని టిక్కులు తిప్పితే అన్ని టిక్కులే జరగాలి, వెనక్కి తిప్పితే మొదటి చోటికి రావాలి. కంటికీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి, లేకపోతే తుపాకీ తన్నినప్పుడు కనుబొమ చీలుతుంది. అంతే.

హెడ్మాస్టరు తిరువెంగళాచారి గారిది సోడాసీసా అద్దాల చూపు. ఆ కాగితాన్ని ముక్కుకు ఆనించి చదివి, వెనక్కి తిప్పారు. వెనక ఏమీ లేదు.

"నాసరయ్యా, ఇందులో నిబంధన ఏదీ?"

"నిబంధన ఏంది సార్, అద్దం గదా."

"నిబంధన లేకుండా అద్దం కొంటే రేపు ఆ అద్దంలో కనబడేది నా సస్పెన్షనే."

పై నుంచి నిబంధనలు తెప్పించారు. మొదటి పదిహేనూ ఎవరూ చదవలేదు. పదహారోది ఎర్ర సిరాతో గీసి ఉంది: "ప్రజాధనంతో కొనుగోలు చేయు ఏ పరికరమూ ఏ ఒక్క వ్యక్తికీ ప్రత్యేకముగా అనుకూలించరాదు." పూర్వం ఏదో ఆఫీసులో ఒక అధికారి తన నడుము కొలతకు కుర్చీ చేయించుకుంటే, ఆయన బదిలీ అయ్యాక వచ్చిన లావుపాటి అధికారి అందులో ఇరుక్కుపోయి రెండు రోజులు అక్కడి నుంచే పాలన సాగించాడట. అప్పుడు పుట్టింది ఈ నిబంధన.

నలుగురితో స్కోపు ఎంపిక సంఘం వేశారు. అధ్యక్షుడు పథకం ప్రత్యేకాధికారి శరభారావు గారు. ఆయన కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయి మూడు నెలలైంది. రెండో సభ్యుడు మా హెడ్మాస్టరు. మూడో సభ్యురాలు మండల ఆఫీసు సూపరింటెండెంటు లీలావతి గారు, దగ్గరి చూపు ఆనదు. నాలుగో చోటుకు కంటి నిపుణుడు కావాలన్నారు. మండలంలో లేడు. గేదెల కళ్లకు మందు వేసిన అనుభవం ఉందని పశువుల డాక్టరు సుదర్శనం గారిని తీసుకున్నారు.

సంఘం ఒక శనివారం గని అంచున షామియానా కింద కూచుంది. మూడు స్కోపులు నమూనాకు వచ్చాయి. ఒకటి జానెడు, పది రెట్లది. ఒకటి రోకలిబండంత, ఆరు నుంచి యాభై రెట్ల దాకా పెంచుకునేది. మూడోది దారిలో పగిలింది. అయినా మూడు నమూనాలు ఉండాలి కాబట్టి ముక్కల్ని కూడా పళ్లెంలో పెట్టారు.

"ఈ పరికరమును వినియోగించువారు ఎవరు?" అని శరభారావు గారు అడిగారు.

నాసరయ్య గారు నన్ను ముందుకు తోశారు. "ఈ పిల్ల సార్."

"ఈ బాలిక ఒక్కతేనా?"

"ఒక్కతే సార్."

శరభారావు గారు లీలావతి గారి వైపు చూశారు. లీలావతి గారు నిబంధనల పుస్తకం వైపు చూశారు. నేను నా కాళ్ల వైపు చూశాను.

"అట్టనే ఉంచండి సార్, ముందు చూడనీయండి," అంటూ నాసరయ్య గారు చిన్న స్కోపు నా చేతికిచ్చారు. గనికి అవతలి కొసన పెట్టిన అట్ట మీదికి తిప్పాను. ఆవగింజ రేగుపండంత గుండ్రంగా, నల్లగా, అంచులు తెగినట్టు కనబడింది. అట్ట మీద వాలిన తూనీగ రెక్కలు కూడా కనబడ్డాయి. నాకు ఎంత సంతోషం వేసిందంటే, పదేళ్ల చదువులో మొదటిసారి పెద్దవాళ్ల ముందు నోరు తెరిచాను.

"చాలా బాగా కనబడుతోంది సార్."

లీలావతి గారు పుస్తకంలో ఎర్ర గీత మీద వేలు పెట్టారు.

"అనగా ఈమెకు అనుకూలించినది," అన్నారు శరభారావు గారు మెల్లగా. "రాసుకోండి. పదహారో నిబంధన ప్రకారము తిరస్కరించడమైనది."

నాసరయ్య గారు నన్ను పక్కకు లాక్కుపోయారు. "ఎందుకమ్మే నోరు తెరిచినావు? ఇన్నాళ్లూ లేని మాట ఇయ్యాళే రావాల్నా?"

నాకు మళ్లీ నోరు పడిపోయింది.

సుదర్శనం గారు పగిలిన స్కోపు ముక్కల్ని చాలాసేపు మెచ్చుకోలుగా చూశారు. "నిబంధనకు ఇదే దగ్గరండీ. ఎవరికీ అనుకూలించే ప్రమాదమే లేదు." శరభారావు గారు నిజంగానే ఆలోచించారు. కాని ముక్కలకు సీలు వేయడం కుదరదని లీలావతి గారు చెప్పడంతో ఊరుకున్నారు. ఇక మిగిలింది రోకలిబండ.

దాన్ని యాభై రెట్లకు పెంచి బల్ల మీద పెట్టి సభ్యులు వరసగా చూశారు. హెడ్మాస్టరు కళ్లద్దాలతో వంగబోతే శరభారావు గారు ఆపారు. కళ్లద్దాలు సొంత ఆస్తి అనీ, ప్రభుత్వ పరికరంలోకి సొంత ఆస్తి గుండా చూడరాదనీ అన్నారు. హెడ్మాస్టరు అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, స్కోపు ఎక్కడుందో తడిమి వెతుక్కున్నారు.

కంటి దగ్గర ఒక ఉంగరం ఉంటుంది, దాన్ని తిప్పితే చూపుకు తగ్గట్టు మసక పోతుంది. శరభారావు గారు కుడికి తిప్పుకుని "దివ్యం" అన్నారు. హెడ్మాస్టరు ఎడమకు ఆఖరి దాకా తిప్పి ఇంకా తిప్పబోయారు. లీలావతి గారు మళ్లీ కుడికి తెచ్చారు. ఒకరికి కనబడితే ముగ్గురికి మసక. పది నిమిషాలకు గొడవ అయింది.

"అధ్యక్షుని కన్ను సంఘపు కన్నుతో సమానము," అన్నారు శరభారావు గారు.

"చిత్తం. కాని మీది ఆపరేషన్ చేసిన కన్నండీ. అసలుది కాదు," అన్నారు హెడ్మాస్టరు.

"ఎండ ఎక్కుతోంది, సగటు తీద్దాం," అన్నారు సుదర్శనం గారు. "పాల వెన్న శాతం అట్లాగే తీస్తాం."

నలుగురి గీతలూ కాగితం మీద వేసి, కూడి, నాలుగుతో భాగించారు. సగటు ఉంగరం మీద ఏ గీతా లేని చోట పడింది. అక్కడికి తిప్పి నలుగురూ మళ్లీ చూశారు. ఎవరికీ ఏమీ కనబడలేదు. అందరి ముఖాలూ తేటపడ్డాయి.

"పక్షపాత రహితము," అన్నారు శరభారావు గారు.

ఎవరూ మార్చకుండా లీలావతి గారు ఎన్నికల పెట్టెకు వేసినట్టు లక్క కరిగించి సీలు వేశారు. కంటి ఉంగరానికి ఒకటి, యాభై రెట్ల ఉంగరానికి ఒకటి, గురి సర్దే రెండు చక్రాలకు రెండు. రోజూ సీలు చూసి సంతకం పెట్టడానికి ఒక రిజిస్టరు తెరిచారు. పని పూర్తయినందున సంఘాన్ని అక్కడికక్కడే రద్దు చేశారు.

తరవాతి శనివారం ప్రారంభోత్సవం. మొదటి గుండు శరభారావు గారే కాల్చారు. ఏమీ కనబడకపోవడంతో కన్ను అద్దానికి ఇంకా దగ్గరగా, ఇంకా దగ్గరగా తీసుకుపోయి మీట నొక్కారు. తుపాకీ తన్నింది. కనుబొమ మీద అర్ధచంద్రాకారంలో చీలిక పడింది. ఆయన రక్తం తుడుచుకుంటూనే "తొలి గుండు జయప్రదము" అని ప్రకటించారు. గుండు ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు.

తరవాత నేను పడుకున్నాను. లోపల చల్లలో ముంచిన గుడ్డ తప్ప ఏమీ లేదు. ఆ తెల్లదనంలో ఒక మచ్చ నల్లగా ఈదుతుంటే అదే అనుకుని కాల్చాను. అయిదు గుళ్లూ లక్ష్యానికి ఎడమగా అయిదడుగుల దూరాన, రెండడుగుల కిందగా రాతిగోడకు తగిలాయి.

"చక్రం తిప్పితే సరిపోతాది సార్. సీలు ఇప్పించండి," అన్నారు నాసరయ్య గారు.

"సీలు విప్పు అధికారము సంఘమునకే కలదు," అన్నారు శరభారావు గారు, కనుబొమ మీద దూది అదుముకుంటూ. "సంఘము రద్దయినది."

"మళ్లా సంఘం వెయ్యండి."

"మరల వేయవలెనన్నచో మొదటి సంఘము విఫలమైనట్టు నిరూపించవలెను. దానికి అధ్యక్షుడను నేనే. నేను విఫలము కాలేదు."

నాసరయ్య గారు తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నారు. "మరి గుండు తగల్లేదు గదా సార్."

"గుండు సరిగానే పోయినది. లక్ష్యము ఉండవలసిన చోట లేదు."

మండల సర్వేయరును గొలుసుతో సహా పిలిపించారు. ఆయన అట్టను ఎడమకు అయిదడుగులు, కిందికి రెండడుగులు జరిపి, హద్దురాయి పాతి, పటం గీసి సంతకం పెట్టారు. నేను మాత్రం పాత చోటికే గురి పెట్టాలి. అక్కడ గుర్తుకు ఒక నల్ల పలక నిలబెట్టారు. పలకకేసి కాలిస్తే గుండు అట్టకు తగిలింది. పదింట ఎనిమిది.

"చూశారా?" అన్నారు శరభారావు గారు. "గురి ఎక్కడ పెట్టినను గుండు లక్ష్యమునకు తగులుచున్నది. పరిపాలన అనగా ఇదియే."

ఇంట్లో నాయనకు చెప్పాను. నాయనతో నేను మాట్లాడతాను.

"పలక వంకరుంటే పలకనే గదా అరగదీస్తాం. కంటిని అరగదీస్తామా?" అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, "పోటీ యాడ పెడతన్నారు?" అన్నాడు.

"జిల్లా టౌన్లో."

"ఆడ గూడా అట్ట జరుపుతారా?"

ఆ మాట నాసరయ్య గారు అడిగితే హెడ్మాస్టరు వెంటనే జిల్లాకు ఉత్తరం రాశారు. మా విద్యార్థినికి లక్ష్యాన్ని ఎడమకు అయిదడుగులు, కిందికి రెండడుగులు జరపవలసిందని కోరారు. పోటీ ముందు రోజు జవాబు వచ్చింది. లక్ష్యాలు వేరే శాఖవి, వాటిని జరపాలంటే ఆ శాఖ పదహారో నిబంధన ఒప్పుకోదట. ఒక్క అభ్యర్థికి అనుకూలం చేసినట్టవుతుందట.

పోటీ నాడు ఎనిమిది మందిమి వరసగా పడుకున్నాం. ముందు అయిదు గుళ్లు గురి సరిచూసుకోవడానికి, తరవాత పది లెక్కకు. మిగతా పిల్లలు చక్రాలు టిక్కుటిక్కుమని తిప్పుకుంటున్నారు. నా చక్రాల మీద ఎర్ర లక్క, లక్క మీద మండలాఫీసు ముద్ర. కన్ను ఆనించాను. చల్లగుడ్డ. ఇక్కడ నల్ల పలక కూడా లేదు.

నాసరయ్య గారు నా పక్కన చతికిలబడి దుర్భిణిలోంచి నా అట్టను చూస్తున్నారు. సీలు ఆయన ముట్టుకుంటే పెన్షన్ ఆపుతారని మాకిద్దరికీ తెలుసు. ఆయన దుర్భిణి దించకుండానే, "నేను అట్టనే చూస్తా ఉంటా. గుండు యాడ పడిందో చెప్తా. ఇటు పక్క నాకేం కనపడదు," అన్నారు.

జడలోంచి పిన్ను తీశాను. లక్క చిన్న చిన్న పెళ్లలుగా లేచింది. యాభైని పదికి తెచ్చాను. కంటి ఉంగరం తిప్పుతుంటే తెల్లదనం విడిపోయి, ఆ చివర నల్ల వలయం నిలబడింది.

మొదటి గుండు కాల్చాను.

"ఎడం. అయిదడుగులు. కింద రెండు," అన్నారు నాసరయ్య గారు అట్టను చూస్తూనే.

టిక్కులు లెక్కపెట్టి తిప్పాను. రెండోది అంచుకు, మూడోది లోపలికి. లెక్కకు కాల్చిన పదిలో తొమ్మిది నలుపులో పడ్డాయి.

లేచేసరికి శరభారావు గారూ హెడ్మాస్టరూ నా చాప దగ్గరికి వచ్చారు. చాప నిండా ఎర్ర పెళ్లలు.

"ఇవి ఏమి?"

"ఎర్రచీమలు సార్," అన్నారు నాసరయ్య గారు.

హెడ్మాస్టరు వంగి చూసి, "అవునండోయ్, ఒకటి పాకుతోంది," అన్నారు.

కాని శరభారావు గారి ఎడమ కన్ను బాగానే పని చేస్తుంది. ఆయన లక్క లేని ఉత్త చక్రాల్ని చూశారు. సోమవారం హెడ్మాస్టరు గదిలో పాత సంఘం సభ్యుల్ని నలుగురినీ కూర్చి విచారణ పెట్టారు. ఫలితాన్ని ఆయన ధ్రువీకరిస్తేనే నాకు సీటు. నన్ను స్టూలు మీద కూచోబెట్టారు. గుమ్మం బయట నాయన చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"సీలు ఛేదింపబడినట్టు మాకు అనుమానము. ఛేదింపబడినచో ఫలితము రద్దు. ఈ బాలికపై చర్య," అన్నారు శరభారావు గారు.

లీలావతి గారు సీలు రిజిస్టరు తెరిచి, చదువుతూ ఆగిపోయారు. "సార్, సీలు భద్రంగా ఉన్నట్టు మీ సంతకం ఉంది."

"ఏ తేదీన?"

"అన్ని తేదీల్లోనూ సార్. నెల మొదట్లోనే ముప్పై ఒకటో తారీకు దాకా పెట్టేశారు. ఇవాళ పంతొమ్మిది."

శరభారావు గారు కనుబొమ మీది మచ్చ తడుముకున్నారు.

"అయినచో," అన్నారు చివరకు, "సీలు భద్రముగా ఉన్నది."

"ఉన్నదండీ. ముప్పై ఒకటి దాకా," అన్నారు హెడ్మాస్టరు.

"సీలు భద్రముగా ఉండగా ఈ బాలికకు ఎట్లు కనబడినది? ఒక్క వ్యక్తికి అనుకూలించినది గదా. నిబంధన ఏమైనది?"

అప్పుడు సుదర్శనం గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఒక్క వ్యక్తికి కాదండీ. స్కోపు సగటు కంటికి పెట్టాం. అది ఈ పిల్లకి కనబడింది. కాబట్టి ఈ పిల్లదే సగటు కన్ను. పరికరం అనుకూలించింది సగటుకే."

"మరి ఆ సగటు మనది. మనకు ఎందుకు కనబడలేదు?"

"మన కళ్లు సగటు నుంచి తప్పిపోయాయండీ."

సంఘం రద్దయింది కాబట్టి తీర్మానాన్ని సంతాప సభలో చేసినట్టు లేచి నిలబడి చేశారు. నా ఫలితం ధ్రువీకరించారు. తప్పిపోయిన నాలుగు జతల కళ్లను సగటుకు తేవాలని ఉత్తర్వు కూడా రాశారు. టౌను నుంచి కళ్లద్దాల ఆయన వచ్చి నా కళ్లు కొలిచి, "ఈ పాపకు అద్దాలు అక్కర్లేదు, సున్నా," అన్నాడు. ఆ సున్నా నంబరుతో నాలుగు జతల కళ్లద్దాలు ప్రభుత్వ ఖర్చుతో చేయించి, ఒక్కోదాని మీద ఆఫీసు నంబరు వేసి సభ్యులకు ఇచ్చారు. విధుల్లో ఉన్నంతసేపూ అవే పెట్టుకోవాలి. సొంతవి పెట్టుకోరాదు.

సుదర్శనం గారు ఆ వారం ఒకే గేదెకు మూడుసార్లు టీకా వేశారు. లీలావతి గారు కాగితాలు గుమ్మం దాకా చేయి చాచి చదువుతున్నారు. శరభారావు గారికి పెద్ద తేడా రాలేదు, ఆయన మొదటి నుంచీ చూడకుండానే సంతకం పెడతారు.

జూన్ మొదటి వారంలో హాస్టలుకు ఇవ్వడానికి టీసీ కోసం వెళ్లాను. హెడ్మాస్టరు గది నిండా అయ్యవార్లు ఉన్నారు. ఆయన సున్నా అద్దాలు పెట్టుకుని, ఖాళీ కుర్చీకేసి "రా అమ్మాయ్" అన్నారు. నేను ఆ కుర్చీ పక్కకు పోయి నిలబడ్డాను.

"గడులు ఆనట్లేదమ్మా. నువ్వు చెబుతూ ఉండు, నేను రాస్తా. పేరు?"

పొడవడానికి పక్కన ఎవరూ లేరు. అయ్యవార్లంతా నా వైపే చూస్తున్నారు.

"కాశింబీ," అన్నాను.

"గట్టిగా."

"కాశింబీ సార్!"

తండ్రి పేరు చెప్పాను. పుట్టిన తేదీ చెప్పాను. ఆయన కలం కాగితం మీదా, కొంత టేబులు గుడ్డ మీదా నడిచింది. నేనే ఆయన చేయి పట్టుకుని గడిలోకి తెచ్చాను.

"నడవడిక?"

ఎట్లాగూ నోరు తెరిచాను కదా అనిపించింది. "సార్, ఆ సీలు నేనే గీకాను. పిన్నుతో."

హెడ్మాస్టరు నా గొంతు వచ్చిన వైపు తల తిప్పి, ముక్కు కాగితానికి ఆనించి, ఆ గడిని వేలితో ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలిచారు.

"అంతా ఇందులో పట్టదమ్మాయ్," అన్నారు. "'మంచిది' అని రాస్తున్నా."